జడ్జీల వేతనం: రక్షణ ఉంది, పద్ధతి లేదు

న్యాయస్థానాల ముందుకు వచ్చే కక్షిదారులలో ప్రభుత్వమే అతి పెద్దది. ఆ న్యాయస్థానాలలో తీర్పు చెప్పే న్యాయమూర్తుల వేతనం, భత్యాలు, పింఛను ఎంత ఉండాలో తేల్చేదీ ప్రభుత్వమే. ఈ రెండింటి మధ్య ఉన్న వైరుధ్యాన్ని రాజ్యాంగ నిర్మాతలు గుర్తించారు కాబట్టే, తనకు నచ్చని తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి రాబడికి కోత పెట్టే దారిని ప్రభుత్వానికి చాలావరకు మూసివేశారు. అయితే కోతను ఆపే రక్షణ ఎంత గట్టిగా ఉందో పెంపును నిర్ణయించే పద్ధతి అంత బలహీనంగా ఉంది. న్యాయమూర్తి వేతనాన్ని ఎప్పుడు సవరించాలి, ఏ కొలమానంతో సవరించాలి, ఆ సిఫారసు ఎవరు చేయాలి అన్న ప్రశ్నలకు భారతదేశంలో ఇప్పటికీ శాశ్వతమైన, స్వతంత్రమైన, బహిరంగమైన విధానమంటూ ఏదీ లేదు. ఈ లోటు వల్ల ఉన్నత న్యాయస్థానాల వేతనం కేంద్ర కార్యదర్శుల జీతాన్ని వెంబడిస్తూ నడుస్తుండగా, జిల్లా న్యాయాధికారుల వేతనం ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపితే తప్ప కదలడం లేదు.

ముందుగా రాజ్యాంగం ఇచ్చిన రక్షణ స్వరూపాన్ని చూడాలి. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల వేతనానికి 125వ అధికరణం, హైకోర్టు న్యాయమూర్తుల వేతనానికి 221వ అధికరణం ఆధారం. నియామకం జరిగిన తరవాత న్యాయమూర్తి భత్యాలను, సెలవు హక్కును, పింఛను హక్కును అతనికి నష్టం కలిగేలా మార్చకూడదని ఈ రెండు అధికరణాలూ స్పష్టంగా చెబుతున్నాయి. 360వ అధికరణం కింద ఆర్థిక అత్యవసర పరిస్థితిని ప్రకటించినప్పుడు మాత్రం ఇతర ప్రభుత్వ సిబ్బందితో పాటు న్యాయమూర్తుల జీతాలనూ తగ్గించమని రాష్ట్రపతి ఆదేశించవచ్చు. అటువంటి ప్రకటన దేశంలో ఇంతవరకు ఒక్కసారి కూడా వెలువడలేదు. రెండో రక్షణ నిధులకు సంబంధించినది. ప్రభుత్వానికి పన్నుల ద్వారా, రుణాల ద్వారా వచ్చే సొమ్మంతా చేరే ఖాతాను సంఘటిత నిధి అంటారు. ఆ నిధి నుంచి చేసే ఖర్చులో ఎక్కువ భాగానికి చట్టసభ ఓటు అవసరం, కొంత భాగానికి మాత్రం అవసరం లేదు. చట్టసభ చర్చించవచ్చు గాని ఓటు వేసి తగ్గించలేని ఈ రెండో రకం ఖర్చును ఛార్జ్‌డ్ వ్యయం అంటారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతభత్యాలు, పింఛన్లు కేంద్ర సంఘటిత నిధి మీద, హైకోర్టు న్యాయమూర్తుల జీతభత్యాలు ఆయా రాష్ట్రాల సంఘటిత నిధి మీద ఈ పద్ధతిలోనే పడతాయి. హైకోర్టు న్యాయమూర్తుల పింఛను మాత్రం కేంద్ర నిధి నుంచి వస్తుంది. ఒక హైకోర్టు నుంచి మరో హైకోర్టుకు బదిలీ అయ్యే న్యాయమూర్తి ఏ రాష్ట్రంలో పనిచేస్తుంటే ఆ రాష్ట్రమే జీతం ఇస్తుంది కాబట్టి, అతని పింఛను భారాన్ని ఏ ఒక్క రాష్ట్రం మీదా మోపకుండా కేంద్రం తీసుకోవడం సబబైన ఏర్పాటే.

ఈ రక్షణలోనే ఒక పెద్ద బలహీనత దాగి ఉందని తొలి 36 సంవత్సరాల అనుభవం చూపింది. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు వేతనాలను చట్టసభ ఇష్టానికి వదలకుండా నేరుగా రెండో షెడ్యూలులోనే రాశారు: భారత ప్రధాన న్యాయమూర్తికి నెలకు 5,000 రూపాయలు, సుప్రీంకోర్టు న్యాయమూర్తికి, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి 4,000, హైకోర్టు న్యాయమూర్తికి 3,500. రాజ్యాంగం అమలుకు ముందు నుంచీ పదవిలో ఉన్నవారికి నష్టం జరగకుండా పాత వేతనానికి, కొత్త వేతనానికి మధ్య తేడాను ప్రత్యేక వేతనంగా చెల్లించే ఏర్పాటు కూడా ఆ షెడ్యూలులోనే చేశారు. రాజ్యాంగంలో రాసిన అంకెను ప్రభుత్వం ముట్టుకోలేదన్నది అప్పటి భావన, అది నిజమే అయింది. ప్రభుత్వం ఆ అంకెను తగ్గించలేదు, పెంచనూ లేదు. ధరలు ఎన్నో రెట్లు పెరిగిపోయినా 1986 వరకు హైకోర్టు న్యాయమూర్తి మూల వేతనం 3,500 రూపాయల దగ్గరే ఉండిపోయింది. ఏ ఉత్తర్వూ జారీ చేయకుండా, ఏ బిల్లూ ప్రవేశపెట్టకుండా, కేవలం ఊరకుండడం ద్వారానే ప్రభుత్వం న్యాయమూర్తి వేతనాన్ని వాస్తవంలో కోయగలదని ఈ చరిత్ర రుజువు చేసింది. కోతను నిషేధించే నిబంధన ద్రవ్యోల్బణం ముందు నిస్సహాయం.

1986లో వచ్చిన 54వ రాజ్యాంగ సవరణ ఈ స్తంభనను తొలగించింది. షెడ్యూలులోని అంకెలను వరుసగా 10,000, 9,000, 8,000 రూపాయలకు పెంచడంతో పాటు, ఇకమీదట పార్లమెంటు సాధారణ చట్టం ద్వారా వేతనాలను నిర్ణయించవచ్చని ఆ సవరణ పేర్కొంది. ఆ తరవాత అసలు అంకెలు హైకోర్టు న్యాయమూర్తుల 1954 చట్టంలోను, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల 1958 చట్టంలోను ఉంటున్నాయి. రాజ్యాంగ ప్రతిలో రెండో షెడ్యూలు తెరిచి చూస్తే ప్రధాన న్యాయమూర్తికి 10,000 రూపాయలనే నేటికీ కనిపిస్తుంది. ఈ మార్పు అవసరమైనదే, కాని తగినంత శ్రద్ధతో చేసినది కాదు. నష్టం కలిగేలా మార్చరాదని చెప్పే నిబంధనలో భత్యాలు, సెలవు, పింఛను అన్న మాటలున్నాయి గాని వేతనం అన్న మాట లేదు. వేతనం రాజ్యాంగంలోనే రాసి ఉన్న కాలంలో ఆ మాట అవసరం పడలేదు. దాన్ని సాధారణ మెజారిటీతో మార్చగల చట్టానికి అప్పగించిన రోజున ఆ మాటను చేర్చి ఉండాల్సింది. న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, వేతనాన్ని తగ్గించే చట్టం ఏదైనా వస్తే న్యాయ పరీక్షకు నిలబడడం కష్టమే. అయినా రాజ్యాంగ వాక్యంలోనే ఉండవలసిన హామీని న్యాయ వ్యాఖ్యానంలో వెతుక్కోవలసి రావడం లోపమే.

1986 తరవాత పార్లమెంటు ఏ కొలమానంతో వేతనాలను పెంచుతూ వచ్చిందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు, రెండు వరుసల అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. 1986లో హైకోర్టు న్యాయమూర్తికి 8,000, సుప్రీంకోర్టు న్యాయమూర్తికి 9,000 రూపాయలు నిర్ణయించారు. నాలుగో కేంద్ర వేతన సంఘం సిఫారసుల ప్రకారం కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి జీతం 8,000, కేబినెట్ కార్యదర్శి జీతం 9,000. 1998లో చట్టాన్ని సవరించి 1996 జనవరి 1 నుంచి వర్తించేలా న్యాయమూర్తులకు 26,000, 30,000 ఇచ్చారు. అయిదో వేతన సంఘం తరవాత కార్యదర్శి, కేబినెట్ కార్యదర్శుల జీతాలు సరిగ్గా 26,000, 30,000. 2009 సవరణతో 2006 జనవరి 1 నుంచి 80,000, 90,000. ఆరో వేతన సంఘం తరవాత ఆ ఇద్దరు అధికారులకూ అంతే. 2018 సవరణతో 2016 జనవరి 1 నుంచి 2,25,000, 2,50,000; ఏడో వేతన సంఘం తరవాత కార్యదర్శికి 2,25,000, కేబినెట్ కార్యదర్శికి 2,50,000. భారత ప్రధాన న్యాయమూర్తికి మాత్రం ఈ నిచ్చెన పైన ఒక మెట్టు అదనంగా ఉంటుంది, ప్రస్తుతం అది 2,80,000 రూపాయలు. నాలుగు సార్లూ ఒక్క రూపాయి తేడా లేకుండా అంకెలు కలిశాయంటే అది యాదృచ్ఛికం కాదు. చట్టం చేసేది పార్లమెంటే అయినా, అంకెను నిర్ణయించేది కేంద్ర ఉద్యోగుల కోసం కార్యనిర్వాహక వర్గం నియమించే వేతన సంఘం.

పార్లమెంటు సార్వభౌమంగా చట్టం చేస్తున్నది కదా అన్న సమాధానం ఇక్కడ సరిపోదు. కేంద్ర వేతన సంఘం సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల పని స్వభావాన్ని, వారిపై ఉండే ఆంక్షలను, బార్‌లో పేరున్న న్యాయవాదులు వృత్తి రాబడిని వదులుకుని జడ్జి పదవికి రావడానికి ఎందుకు వెనుకాడుతున్నారన్న ప్రశ్నను పరిశీలించదు, ఎందుకంటే అది వారికోసం ఏర్పడిన సంఘం కాదు. న్యాయమూర్తుల గురించి ఆలోచించని సంఘం, వారు తరచు రద్దు చేసే ఉత్తర్వులను జారీ చేసే అధికారుల జీతం కోసం వేసిన లెక్క న్యాయమూర్తుల లెక్కగా మారుతోంది. దీనికి తోడు, ఉద్యోగుల వేతనాలు సవరించిన తరవాత న్యాయమూర్తుల బిల్లు పార్లమెంటుకు రావడానికి ప్రతిసారీ మరికొంత కాలం పడుతోంది. బకాయిలు చేతికి వస్తాయి నిజమే, కాని ఆ కాలమంతా బిల్లు ఎప్పుడు పెట్టాలో తేల్చే అధికారం ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. స్వాతంత్ర్యానికి హాని ఎవరో లంచం ఇవ్వజూపితేనే జరగదు. నిర్ణీత గడువు లేని విచక్షణ ఎక్కడుంటే అక్కడ అనుమానానికి తావుంటుంది, న్యాయవ్యవస్థ విషయంలో అనుమానమే నష్టం.

పరిపాలనాధికారుల జీతంతో ఈ ముడి ఉండకూడదని సుప్రీంకోర్టు మూడు దశాబ్దాల క్రితమే చెప్పింది. అఖిల భారత న్యాయమూర్తుల సంఘం వేసిన కేసులో 1991లో తొలి తీర్పు, 1993లో దానిపై సమీక్షా తీర్పు వచ్చాయి. న్యాయాధికారులు ఉద్యోగి అన్న మాటకున్న మామూలు అర్థంలో ఉద్యోగులు కారని, వారు రాజ్య సార్వభౌమాధికారంలో ఒక భాగాన్ని వినియోగించేవారని, వారిని పోల్చవలసింది మంత్రులతో, శాసనసభ్యులతోనే గాని పరిపాలనా సిబ్బందితో కాదని 1993 తీర్పు వివరించింది. ఆ తీర్పు ఫలితంగా 1996లో జస్టిస్ కె. జగన్నాథ శెట్టి అధ్యక్షతన తొలి జాతీయ న్యాయ వేతన సంఘం ఏర్పడి 1999లో నివేదిక ఇచ్చింది, 2002లో సుప్రీంకోర్టు దాన్ని కొన్ని మార్పులతో ఆమోదించింది. తెలుగునాట పాతతరం మున్సిఫ్ అని పిలిచే జూనియర్ సివిల్ జడ్జికి శెట్టి సంఘం నిర్ణయించిన ప్రారంభ మూల వేతనం 9,000 రూపాయలు.

తరవాత జరిగింది గమనించదగినది. 2009లో జస్టిస్ ఇ. పద్మనాభన్ కమిటీ ఆ వేతనాలను 3.07 రెట్లు పెంచాలని సూచించగా, జూనియర్ సివిల్ జడ్జి ప్రారంభ వేతనం 27,700 అయింది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షతన 2017లో ఏర్పాటైన రెండో జాతీయ న్యాయ వేతన సంఘం వాటిని మళ్లీ 2.81 రెట్లు పెంచాలని సూచించగా, అది 77,840 అయింది. ఈ 3.07, 2.81 అన్న గుణకాలు హైకోర్టు న్యాయమూర్తి వేతనం పెరిగిన నిష్పత్తులే: 26,000 నుంచి 80,000కు పెరగడం 3.07 రెట్లు, 80,000 నుంచి 2,25,000కు పెరగడం 2.81 రెట్లు. హైకోర్టు న్యాయమూర్తి వేతనమేమో కేంద్ర కార్యదర్శి జీతానికి ప్రతిబింబం. అంటే మారుమూల పట్టణంలో భూ తగాదాలు, చెక్కు బౌన్సు కేసులు వింటూ కూర్చునే జూనియర్ సివిల్ జడ్జి వేతనం కూడా గొలుసుకట్టుగా ఢిల్లీలోని కార్యదర్శి జీతానికే ముడిపడి ఉంది. పరిపాలనా సిబ్బందితో పోల్చకూడదని 1993లో ఏ న్యాయాధికారుల కోసం తీర్పు వచ్చిందో, వారికే ఆ పోలిక దొడ్డిదారిన తిరిగి వచ్చింది. ఈ సంఘాల మీద నింద వేయడం న్యాయం కాదు. హైకోర్టు న్యాయమూర్తి వేతనాన్ని మించకుండా జిల్లా జడ్జి వేతనం ఉండాలన్న నియమాన్ని పాటించక తప్పదు కాబట్టి, వాటికి మరో లెక్క అందుబాటులో లేదు. పై అంకెను నిర్ణయించే చోట స్వతంత్ర పద్ధతి లేకపోతే కింద ఎన్ని సంఘాలు వేసినా అంతే.

లెక్క ఎలా వచ్చినా, అది న్యాయాధికారి చేతికి అందడం మరో సుదీర్ఘ పోరాటం. రెండో న్యాయ వేతన సంఘం నివేదిక 2020 జనవరిలో వచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం 2022 జులై 27న వేతన సిఫారసులను ఆమోదించి, 2016 జనవరి 1 నుంచి లెక్కించి బకాయిలలో నాలుగో వంతు మూడు నెలల్లో, మరో నాలుగో వంతు తదుపరి మూడు నెలల్లో, మిగిలిన సగం 2023 జూన్ 30 లోగా చెల్లించాలని ఆదేశించింది. ఆ ఆదేశంపై సమీక్షా పిటిషన్లు పడ్డాయి, 2023 ఏప్రిల్‌లో వాటిని కోర్టు కొట్టివేసింది. ఆ ఏడాది మే నెలలో పింఛను సిఫారసులపై, 2024 జనవరి 4న భత్యాలపై తీర్పులు వచ్చాయి. అయినా చెల్లింపులు జరగకపోవడంతో 2024 ఆగస్టులో పద్దెనిమిది రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల ప్రధాన కార్యదర్శులను, ఆర్థిక శాఖ కార్యదర్శులను సుప్రీంకోర్టు స్వయంగా హాజరు కావాలని పిలిపించవలసి వచ్చింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2016లో రావలసిన వేతనం కోసం 2024లో రాష్ట్రాల సీఎస్‌లను కోర్టు బోనుకు రప్పించవలసి రావడం ఆ న్యాయాధికారులకు, ఆ రాష్ట్రాలకు, చివరకు కోర్టుకు సైతం గౌరవం తెచ్చే విషయం కాదు.

రాష్ట్రాల వాదనను పూర్తిగా తోసిపుచ్చడం కూడా సరికాదు. జిల్లా న్యాయవ్యవస్థ వేతనం విషయంలో సిఫారసు చేసే సంఘాన్ని కేంద్రం నియమిస్తుంది, ఆదేశం సుప్రీంకోర్టు ఇస్తుంది, సొమ్ము మాత్రం రాష్ట్రాలు కట్టాలి. ఖర్చులో సగం కేంద్రం భరించాలని శెట్టి సంఘం సిఫారసు చేసినా 2002 తీర్పు దాన్ని ఆమోదించలేదు. వేతన సవరణ (పీఆర్‌సీ) బకాయిల కోసం ఉద్యోగులు, ఉపాధ్యాయులు రోడ్డెక్కే రాష్ట్రంలో న్యాయాధికారులకు మాత్రం కోర్టు ఆదేశంతో చెల్లింపులు జరిగితే ఆర్థిక శాఖకు ఇబ్బందే. అయితే ఆర్థిక భారాన్ని సాకుగా చూపి రాజ్యాంగ బాధ్యత నుంచి తప్పుకోలేరని సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా అంతే బలమైనది. న్యాయాధికారికి ఇతర ఉద్యోగుల్లా సమ్మె చేసే దారి లేదు, ధర్నా చౌకు లేదు, వేరే వృత్తి చేసుకుని రాబడి పెంచుకునే వీలు లేదు. మిగిలింది పిటిషన్ ఒక్కటే, దాన్ని విచారించేది మళ్లీ న్యాయమూర్తులే.

పింఛను విషయానికి వస్తే సమస్య మరింత చిక్కుబడుతుంది, ఎందుకంటే హైకోర్టుకు న్యాయమూర్తులు రెండు దారుల్లో వస్తారు: కొందరు నేరుగా బార్ నుంచి, కొందరు జిల్లా న్యాయవ్యవస్థలో దశాబ్దాలు పనిచేసి పదోన్నతి మీద. 1954 చట్టం బార్ నుంచి వచ్చిన వారికి హైకోర్టులో పనిచేసిన ప్రతి సంవత్సరానికి ఇంత అని లెక్కగట్టి గరిష్ఠ పరిమితి విధించింది. ఆ పరిమితి అందుకోవడానికి సుమారు 14 సంవత్సరాల సేవ కావాలి. పదవీ విరమణ వయసు 62 కాబట్టి, 48 ఏళ్ల లోపు నియామకం జరగని న్యాయవాదికి పూర్తి పింఛను అందేది కాదు. పక్కనే కూర్చుని అదే పని చేసిన సహ న్యాయమూర్తికి జిల్లా సర్వీసు కలిసి రావడం వల్ల పూర్తి పింఛను దక్కేది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ పి. రామకృష్ణంరాజు వేసిన పిటిషన్‌పై 2014 మార్చి 31న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ పి. సదాశివం నేతృత్వంలోని ధర్మాసనం, బార్‌లో చేసిన ప్రాక్టీసులో పదేళ్లను పింఛను లెక్కకు కలపాలని తీర్పు చెప్పింది. పార్లమెంటు 2016లో చట్టాన్ని సవరించి దాన్ని అమలులో పెట్టింది.

అన్యాయం అంతటితో ఆగలేదు, ఇంకో వైపు తిరిగింది. జిల్లా జడ్జిగా రిటైరయిన తరవాత రెండు నెలల లోపే హైకోర్టు న్యాయమూర్తిగా నియమితురాలైన పంజాబ్, హర్యానా హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఒకరికి, మధ్యలో విరామం ఉందన్న కారణంతో పాత సర్వీసు కలపడానికి నిరాకరించారు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరించింది. కొత్త పింఛను పథకం కింద జిల్లా సర్వీసులో చేరి తరవాత పట్నా హైకోర్టు న్యాయమూర్తి అయిన మరొకరికి భవిష్యనిధి ఖాతా లేదన్న సాంకేతిక కారణంతో 2023 నవంబరులో నియామకం జరిగిన నాటి నుంచి నెలల తరబడి జీతమే రాలేదు. తాత్కాలిక ఖాతా తెరిచి జీతం విడుదల చేయాలని 2024 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ప్రాథమిక హక్కుల కేసులను విచారించే రాజ్యాంగ పదవిలో ఉన్న వ్యక్తికి ఒక ఖాతా నంబరు లేక జీతం ఆగిందంటే, లోపం ఏ ఒక్క గుమాస్తాదో కాదు, వ్యవస్థది. చివరకు 2025 మే 19న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం, ఏ దారిన వచ్చినా, ఎప్పుడు రిటైరయినా, అదనపు న్యాయమూర్తులైనా, కొత్త పింఛను పథకం కిందివారైనా హైకోర్టు మాజీ న్యాయమూర్తులందరికీ సంవత్సరానికి 13.50 లక్షల రూపాయలు, మాజీ ప్రధాన న్యాయమూర్తులకు 15 లక్షల రూపాయలు పూర్తి పింఛనుగా చెల్లించాలని తీర్పు చెప్పింది. ఒకే హోదాకు ఒకే పింఛను అన్న సూత్రం ఆ విధంగా స్థిరపడింది.

తీర్పు సారం న్యాయమైనదే. పదవి ఒక్కటే అయినప్పుడు పింఛను రెండు రకాలుగా ఉండరాదు, పైగా రిటైరయిన తరవాత గౌరవంగా బతకడానికి సరిపడే పింఛను ఉన్న న్యాయమూర్తి, ట్రిబ్యునళ్లలోను, కమిషన్లలోను ప్రభుత్వం ఇచ్చే పదవుల వైపు చూడవలసిన అవసరం తగ్గుతుంది. కాని ఈ ఫలితం వచ్చిన దారి ఇబ్బందికరమైనది. తన కేసులో తానే తీర్పరి కాకూడదన్నది న్యాయశాస్త్రంలో ప్రాథమిక సూత్రం. దానికి ఒక మినహాయింపు ఉంది: కేసు వినడానికి వేరెవరూ లేనప్పుడు ఆ న్యాయమూర్తే వినవచ్చు, దీన్ని అనివార్యతా సూత్రం అంటారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో ఎక్కువమంది హైకోర్టుల నుంచి వచ్చినవారే, జిల్లా న్యాయవ్యవస్థ వేతనానికి కొలమానమూ హైకోర్టు వేతనమే. ఈ వ్యాజ్యాలు వినడానికి మరో న్యాయస్థానం లేదు కాబట్టి అనివార్యత నిజమే. కాని అనివార్యత అరుదుగా ఉన్నప్పుడే మినహాయింపు. 1991 నుంచి నేటి వరకు జిల్లా న్యాయవ్యవస్థలో ప్రతి వేతన సవరణ, ప్రతి పింఛను తగాదా తీర్పుల ద్వారానే తేలుతూ ఉంటే మినహాయింపే నియమంగా మారింది. న్యాయమూర్తులు తమ జీతాలు తామే పెంచుకుంటున్నారన్న అపవాదుకు అవకాశం ఇచ్చింది న్యాయమూర్తుల ఆశ కాదు, చట్టసభల అలసత్వం.

సొమ్ము ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు ఏం జరగవచ్చో తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. కోవిడ్ లాక్‌డౌన్ తొలి రోజుల్లో, 2020 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాలలో, పింఛన్లలో కొంత భాగం చెల్లింపును వాయిదా వేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని ప్రశ్నిస్తూ హైకోర్టుకు వెళ్లింది ఒక విశ్రాంత జిల్లా జడ్జి. ఆపిన సొమ్మును 12 శాతం వడ్డీతో చెల్లించాలని హైకోర్టు ఆదేశించగా, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గాని, జీతం, పింఛను హక్కుగా రావలసినవన్న మూల సూత్రాన్ని నిలబెట్టింది. ఆ ఉత్తర్వు న్యాయాధికారులను ఉద్దేశించినది కాదు. అయితే ఆర్థిక అత్యవసర పరిస్థితి వంటి రాజ్యాంగ ప్రక్రియ ఏదీ లేకుండా ఒక సాధారణ జీవోతో ఎంత దూరం వెళ్లవచ్చో అది చూపింది. జిల్లా న్యాయాధికారులకు 125, 221 అధికరణాల కవచం లేదు; వారి సర్వీసు నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వాల పరిధిలోనివి.

చట్టసభల అలసత్వం అన్నది ఊరికే వాడిన మాట కాదు. తమ జీతాల విషయంలో పార్లమెంటు సభ్యులు చక్కని పద్ధతి ఏర్పరచుకున్నారు. 2018 ఆర్థిక చట్టం ద్వారా ఎంపీల నెల జీతాన్ని లక్ష రూపాయలుగా నిర్ణయించి, 2023 ఏప్రిల్ నుంచి ప్రతి అయిదేళ్లకు ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం దానంతటదే పెరిగే ఏర్పాటు చేశారు. ఆ ప్రకారమే అది 1.24 లక్షలైంది. ప్రజాప్రతినిధులు తమ జీతం తామే పెంచుకుంటున్నారన్న విమర్శకు ఇది ఒక మంచి జవాబు. 2018లోనే న్యాయమూర్తుల వేతనాలను సవరించిన పార్లమెంటుకు ఈ ఏర్పాటును వారికి వర్తింపజేయాలన్న ఆలోచన రాలేదు.

ఇతర దేశాల అనుభవంలో కెనడాది ఎక్కువగా పనికి వస్తుంది. అమెరికా రాజ్యాంగం పదవిలో ఉన్న ఫెడరల్ న్యాయమూర్తి వేతనాన్ని తగ్గించరాదని శాసించింది, కాని ధరల మేరకు పెంచాలని చెప్పలేదు కాబట్టి అక్కడా వేతనం విలువ కరిగిపోయే సమస్య తలెత్తింది. భారత రాజ్యాంగ తొలి దశాబ్దాల కథకు అది మరో రూపం. కెనడా సుప్రీంకోర్టు 1997లో, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ తదితర ప్రాంతాల కేసులలో, ప్రభుత్వానికి, న్యాయమూర్తులకు మధ్య వేతన బేరసారాలు ఏ రూపంలోనూ జరగరాదని, ఇద్దరి మధ్య ఒక స్వతంత్ర సంఘం తప్పనిసరిగా ఉండాలని తీర్పు ఇచ్చింది. అక్కడి ఫెడరల్ వేతన సంఘంలో ముగ్గురు సభ్యులు: ఒకరిని న్యాయవ్యవస్థ, ఒకరిని ప్రభుత్వం ప్రతిపాదిస్తే, ఆ ఇద్దరూ కలిసి అధ్యక్షుణ్ని ఎంచుకుంటారు. నాలుగేళ్లకోసారి ఆ సంఘం బహిరంగ విచారణ జరిపి నివేదిక ఇస్తుంది, మధ్య సంవత్సరాలలో వేతనం ఒక సూచీ ప్రకారం సర్దుబాటు అవుతుంది. సిఫారసును ప్రభుత్వం తిరస్కరించవచ్చు, అయితే నిర్ణీత గడువులోగా కారణాలు చెప్పాలి. ఆ కారణాలు సమంజసమా కాదా అన్నంత వరకే కోర్టు పరిశీలిస్తుంది. అంటే ఖజానా మీద తుది మాట ప్రజలెన్నుకున్న ప్రభుత్వానిదే, దాటవేసే వీలు మాత్రం దానికి లేదు.

భారతదేశానికి కావలసింది కూడా అటువంటి చట్టబద్ధమైన, శాశ్వతమైన న్యాయ వేతన సంఘం. సుప్రీంకోర్టు నుంచి జూనియర్ సివిల్ జడ్జి వరకు అన్ని అంచెలూ దాని పరిధిలో ఉండాలి. ఖర్చు మోసే రాష్ట్రాలకు అందులో గొంతు ఉండాలి, కేంద్రం వాటా ఎంత అన్న 2002 నాటి ప్రశ్నను అది తిరిగి పరిశీలించాలి. నివేదిక పార్లమెంటు ముందుకు, శాసనసభల ముందుకు గడువులోగా రావాలి, తిరస్కరణకు లిఖిత కారణాలు ఉండాలి. సామాన్యుడి రాబడితో పోలిస్తే న్యాయమూర్తుల వేతనం ఇప్పటికే చాలా ఎక్కువ కదా, జిల్లా కోర్టులలో నాలుగు కోట్లకు పైగా కేసులు పేరుకుపోయి ఉండగా ఇంకా పెంచడం ఎందుకన్న ప్రశ్న సహేతుకమైనదే. దానికి సరైన జవాబు న్యాయమూర్తుల తరఫు న్యాయవాది ఇవ్వలేడు, ఆర్థిక శాఖ ఫైలులోని నోటూ ఇవ్వలేదు. ప్రజల ఎదుట లెక్కలు పరిచి విచారణ జరిపే సంఘమే ఇవ్వగలదు. స్వతంత్ర సంఘం అంటే పెంపుకు హామీ కాదు. పెంపు అక్కరలేదని అది ఏదో ఒక దఫా తేల్చితే న్యాయమూర్తులు దాన్ని ఒప్పుకోవలసి ఉంటుంది, ఆ నిర్ణయానికి నేటి తీర్పులకు లేని విశ్వసనీయత ఉంటుంది.

ఇందుకు అదను ఇదే. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన 2025లో ఏర్పాటైన ఎనిమిదో కేంద్ర వేతన సంఘానికి నివేదిక ఇవ్వడానికి 18 నెలల గడువు ఉంది. పాత ఒరవడే కొనసాగితే, ఆ నివేదికలో కేంద్ర కార్యదర్శి జీతం ఎంతని తేలుతుందో హైకోర్టు న్యాయమూర్తి వేతనం అంతే అవుతుంది, దాని నుంచి పుట్టిన గుణకంతో మూడో న్యాయ వేతన సంఘం లెక్క వేస్తుంది, ఆ లెక్క అమలుకు జిల్లా న్యాయాధికారులు మళ్లీ కోర్టు మెట్లెక్కుతారు. ఆ నివేదిక రాకముందే పార్లమెంటు శాశ్వత సంఘానికి చట్టం చేయాలి, 125, 221 అధికరణాల రక్షణ నిబంధనలో వేతనం అన్న మాటను చేర్చాలి.